డీఎన్‌ఏ రిపోర్టులో ఇశ్రాయేలు సున్నా. మా మేనల్లుడికి ఏం చెప్పాలి?

ఉద్దానం జీడితోట:

అందరికీ వందనాలు. మాది ఉద్దానం, కంచిలికీ సోంపేటకీ మధ్య ఊరు. జీడి అంటుమొక్కల నర్సరీ మీద బతుకుతున్నాను. వేదాంత కళాశాల గడప తొక్కినవాణ్ని కాదు, ఇంటర్ తప్పాను. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి.

మా అప్ప కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే ఎప్పుడూ వాడిదే ఫస్టు. రెండేళ్లుగా ఎవరో బోధకుడి వీడియోలు చూస్తున్నాడు. ఆయన చెప్పేదేమిటంటే, క్రీ.పూ. 722లో అష్షూరువాళ్లు సమరయను పడగొట్టి ఇశ్రాయేలు పది గోత్రాలవాళ్లను చెరపట్టుకుపోయారు కదా, వాళ్లలో కొందరు తూర్పుకి నడిచొచ్చి మన తెలుగు నేల మీద కాపురం పెట్టారట. తెలుగు క్రైస్తవుల ఒంట్లో చాలావరకు ఆ పదిలో ఒకటైన ఎఫ్రాయిము గోత్రపు రక్తమేనట. రుజువేమిటయ్యా అంటే, మనం బాలింతను నలభై రోజులు విడిగా ఉంచుతాం, లేవీయకాండం 12లో కూడా మగపిల్లాడు పుడితే లెక్క నలభయ్యే. ఇలాంటివి ఓ పాతిక చెబుతాడు. మా ఇంటిపేరులో కూడా హెబ్రీ మాట ఉందని మావాడు కనిపెట్టాడు. మా ఇంటిపేరు ఒక చెరువు పేరండీ. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నమైతే మా గేదెలు అందులోనే పడుంటాయి.

నవ్వి ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను. వేసవిలో వాడు డబ్బు కట్టి డీఎన్‌ఏ కిట్టు తెప్పించుకున్నాడు. గొట్టంలో ఉమ్మి పంపితే మన పూర్వీకులు ఎక్కడివాళ్లో శాతాల్లో చెబుతారట. పోయిన నెల రిపోర్టు వచ్చింది. మొత్తం దక్షిణాసియా. యూదులు అన్న గడిలో సున్నా.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మావా, మనం ఎవరిమీ కాదు మావా" అన్నాడు. తాగాడేమో అనుకున్నాను, కానీ వాడికా అలవాటు లేదు. వాడి కూతురి శిశు ప్రతిష్ఠ మా సంఘంలోనే చేయాలని తేదీ కూడా అనుకున్నాం. పిల్లకి ఏదో హెబ్రీ పేరు ఎంచి పెట్టుకున్నాడు. ఇప్పుడు పేరూ లేదు, ప్రతిష్ఠా లేదు. మా అప్ప ఏడుపు ఆపడం లేదు.

నాకు తెలిసిన వాక్యం చెప్పాను. గలతీ 3:29, మీరు క్రీస్తు సంబంధులైతే అబ్రాహాము సంతానమే అన్నది. దానికి వాడన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. "అది ఆత్మసంబంధంగా మావా. అది కన్సొలేషన్ ప్రైజ్. అసలు కప్పు రక్తం ఉన్నోళ్లదే."

నేనడిగేది ఇదే. బైబిలు కూడా అలాగే చూస్తోందా? రక్తం మొదటి బహుమతి, విశ్వాసం రెండోదా? ఓదార్పు మాటలు వద్దండి, అవి మా ఇంట్లోనే బోలెడున్నాయి. అధ్యాయం, వచనం చెప్పండి. వాడు వాటికే లొంగుతాడు.


బొబ్బిలి మాస్టారు:

తమ్ముడూ, నేను ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏది ముందు, ఏది వెనక అని చూడటం నాకు జబ్బు. రోమా 4లో పౌలుకీ అదే జబ్బు. అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది అన్నది ఆదికాండం 15లో ఉంది. సున్నతి 17లో జరిగింది. మధ్యలో, 16 చివర, ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయన వయసు 86. సున్నతి నాటికి 99. అంటే నీతిమంతుడని రాసేశాక కనీసం పదమూడేళ్లు ఆయన కూడా సున్నతి లేనివాడే, నీలాగా నాలాగా. అందుకే సున్నతి లేకుండా నమ్మేవాళ్లందరికీ తండ్రి అయ్యాడంటాడు పౌలు. మీవాడు రెండోది అంటున్నది తేదీల ప్రకారం మొదటిది.

సున్నతి వేరు, రక్తం వేరు అంటాడేమో. రక్తం లెక్కే చూద్దాం. అబ్రాహాముకి కొడుకులెంతమంది? ఎవరినడిగినా ఇద్దరంటారు. ఎనిమిది మంది. హాగరుకి ఇష్మాయేలు, శారాకి ఇస్సాకు, కెతూరాకి ఆరుగురు (ఆది 25). అందరిదీ ఒకే తండ్రి రక్తం. వాగ్దానం నడిచింది ఒక్క ఇస్సాకు గుండానే. తల్లులు వేరు కాబట్టి అంటావా, తర్వాతి తరంలో ఏశావు, యాకోబు ఒకే కడుపున, ఒకే కాన్పులో పుట్టారు. ఆ కిట్టు కంపెనీకి ఈ ఇద్దరి ఉమ్మీ పంపితే వచ్చే శాతాలు ఇంచుమించు ఒకటే. అయినా ఒకడికే దక్కింది. ఇశ్రాయేలుకి పుట్టినవాళ్లందరూ ఇశ్రాయేలు కారని రోమా 9:6లో అన్నాక పౌలు చూపించే సాక్ష్యాలు ఈ రెండే.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ఆది 17 చివరి వచనాలు ఇష్టం. నిబంధన గుర్తు పెట్టిన మొదటి రోజు అది. ఆ ఇంట్లో ఎంత జనం ఉన్నారో ఊహించుకో. అప్పటికి చాలా ఏళ్ల కిందటే అబ్రాహాము బంధువు లోతును విడిపించడానికి ఆ ఇంట పుట్టిన పనివాళ్లు 318 మంది వెళ్లారు. ఇంట పుట్టినవాళ్లకీ, వెండి ఇచ్చి కొన్న పరాయివాళ్లకీ ఆ ఒక్క రోజునే సున్నతి జరిగింది. వాళ్లలో అబ్రాహాము రక్తం పంచుకు పుట్టినవాడు ఎవడు? ఇష్మాయేలు ఒక్కడే. వాగ్దానమేమో అతని గుండా కాదు. ఇస్సాకు ఇంకా కడుపున కూడా పడలేదు. మొదటి రోజు హాజరుపట్టీ తీస్తే దాదాపు అందరూ మీవాడి రిపోర్టులాంటి వాళ్లే.

ఒకటి దాచకూడదు. పాత నిబంధనలో వంశానికి పని లేదనడం అబద్ధం. ఎజ్రా 2:62లో వంశావళిలో పేరు దొరకని యాజకులను పక్కన పెట్టేశారు. భూములు గోత్రాల వారీగానే పంచారు. పాస్‌బుక్ లాంటిది అది, చూపించాల్సిన చోట చూపించాల్సిందే. కానీ పాస్‌బుక్‌లో పేరున్నవాడల్లా వ్యవసాయం చేస్తాడా?


గంటస్తంభం టైలర్:

అన్నయ్యా, నాది విజయనగరం. బ్లౌజులు కుట్టుకుంటూ మధ్యలో ఇవి చదువుతుంటాను, ఎప్పుడూ రాయలేదు. మా పుట్టింటివాళ్లకి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అంటే సంక్రాంతికన్నా పెద్ద పండగ. పెళ్లయిన రెండేళ్లకి నా అంతట నేనే అడిగి బాప్తిస్మం తీసుకున్నాను. పద్దెనిమిదేళ్లయింది. ఇప్పటికీ మా సంఘంలో ఒక పెద్దావిడ కొత్తవాళ్లకి నన్ను చూపించి "ఈ అమ్మాయి బయటినుంచి వచ్చిందమ్మా" అంటుంది. ప్రేమగానే అంటుంది. మేం నాలుగో తరం క్రైస్తవులం అని చెప్పుకునేవాళ్లు మా దగ్గర ఉన్నారు. అదీ ఒక గోత్రమే అయిపోయింది. మన తెలుగు బైబిల్లో బెన్యామీను గోత్రం, యూదా గోత్రం అని రాశారు కదా, అది చదివినప్పుడల్లా నాకు గుళ్లో అర్చన చేయించేటప్పుడు పంతులుగారు గోత్రం అడగడమే గుర్తొస్తుంది.

అందుకే రూతు నాకు దగ్గరి మనిషి. నయోమి వెంట వచ్చేశాక కూడా ఆమెను మోయాబీయురాలు అనే అంటారు. పొలంలో పరిగె ఏరుకుంటున్నప్పుడూ అదే మాట. ఆఖరికి బోయజు పెద్దల ముందు పెళ్లి ఖాయం చేసుకున్నప్పుడు (4:10) కూడా "మోయాబీయురాలైన రూతు". ద్వితీయోపదేశకాండం 23:3 మోయాబీయులు పదో తరం దాకా సమాజంలో చేరకూడదంటుంది. రూతు కొడుకు ఓబేదు, అతని కొడుకు యెష్షయి, అతని కొడుకు దావీదు. పదో తరం దాకా ఎవరు ఆగారండీ, మూడో తరంలోనే సింహాసనం ఎక్కేశారు.

ఆమె పేరును మత్తయి తుడిచేయలేదు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, నలుగురినీ రాశాడు. మా ఆడవాళ్ల కూడికలో వీళ్ల కథలు వస్తే గొంతులు తగ్గిపోతాయి. ఆ వంశావళిని ఇస్త్రీ చేసిన పట్టుచీరలా చూస్తారు అందరూ. నాకైతే షాపులో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టిన బొంతలా కనిపిస్తుంది.

ఇంకోటి. అదే అధ్యాయంలో కనెను, కనెను అంటూ వచ్చి యోసేపు దగ్గర ఆ మాట ఆగిపోతుంది చూడండి. "మరియ భర్తయైన యోసేపు" అని రాసి ఊరుకున్నాడు. యేసుని దావీదు కుమారుడు అనడానికి మత్తయి చూపించిన దారి యోసేపు. ఆ యోసేపు కన్నతండ్రి కాదు. దేవదూత యోసేపుతో పిల్లవాడికి నువ్వు పేరు పెట్టమన్నాడు (1:21), ఆయన పెట్టాడు (1:25). అంతే, దావీదు ఇంటివాడయ్యాడు. మీ మేనల్లుడు పిల్లకి పేరు పెట్టడం ఆపేశాడన్నారు. అది చదివాక మిషన్ ఆపి ఇది రాస్తున్నాను.


పాలకొండ బ్రదర్:

ప్రైజ్ ది లార్డ్. నేను మీ అందరితో కొంత విభేదిస్తాను. ఆ వీడియోల బోధ తప్పే, అనుమానం లేదు. కానీ దాన్ని కొట్టే ఊపులో మీరు యూదుల్ని కూడా కొట్టేస్తున్నారు.

యేసు యూదుడు. ఎనిమిదో రోజున సున్నతి పొందాడు (లూకా 2:21). యూదా గోత్రంలో పుట్టాడన్నది స్పష్టమే అంటుంది హెబ్రీ 7:14. రక్షణ యూదుల్లోనుంచే వస్తుందని సమరయ స్త్రీతో ఆయనే అన్నాడు (యోహాను 4:22). పౌలు క్రీస్తును నమ్మి ఎన్నో ఏళ్లయ్యాక కూడా రోమా 11:1లో "నేను కూడ ఇశ్రాయేలీయుడను" అంటున్నాడు. ఒకప్పుడు అయ్యుంటిని అనలేదు. ఫిలిప్పీ 3లో తన యూదు పుట్టుక అర్హతలన్నీ పెంటతో సమానమన్న మనిషే, రోమా 9:3లో ఆ రక్తసంబంధుల కోసం తాను శాపగ్రస్తుడైనా సరే అంటున్నాడు. రెండూ ఒకే గుండెలోనుంచి వచ్చాయి. దేవుడు ఇచ్చిన పిలుపు వెనక్కి తీసుకోడని 11:29.

"ఆత్మసంబంధమైన ఇశ్రాయేలు" అని మనం అలవాటుగా అంటాం, ఆ మాట ఉన్న వచనం బైబిల్లో చూపించండి. లేదు. ఇక వాళ్ల చోటు మాదే అని సంఘం అనుకున్న శతాబ్దాల్లో ఏం జరిగిందో మాస్టారికి నేను చెప్పక్కర్లేదు. 1290లో ఇంగ్లండ్, 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టాయి. వెళ్లగొట్టినవాళ్లు చర్చికి వెళ్లేవాళ్లే.

అన్నగారి మేనల్లుడు యూదుల్ని గొప్పవాళ్లనుకోవడం తప్పు కాదు. పక్కింటి పాస్‌బుక్‌లో తన పేరు వెతుక్కున్నాడు, అదీ తప్పు.


శ్రీకాకుళం జువాలజీ లెక్చరర్:

రిపోర్టు గురించి మాత్రమే చెబుతాను. ఆ పరీక్ష మీ ఉమ్మిలోని డీఎన్‌ఏని ఈనాడు బతికున్న మనుషుల నమూనాలతో పోలుస్తుంది. ఎఫ్రాయిము గోత్రపు నమూనా ఏ కంపెనీ దగ్గరా లేదు, ఉండే వీలూ లేదు. కాబట్టి ఐదు శాతం వచ్చినా ఎఫ్రాయిము అని తేలేది కాదు, సున్నా వచ్చినా కాదని తేలలేదు. పది తరాలు వెనక్కి వెళ్తే మీకు 1,024 మంది తాతముత్తాతల స్థానాలుంటాయి. ఇరవై తరాలకి పది లక్షలు దాటతాయి. క్రీ.పూ. 722 అంటే సుమారు నూరు తరాల పైమాట. అంత వెనకటి ఒక మనిషి నుంచి మీ ఒంట్లోకి ఒక్క ముక్క కూడా దిగకపోవడమే మామూలు.

గుంటూరు జిల్లాలో బెనె ఎఫ్రాయిము అని తమను తాము పిలుచుకునే తెలుగు కుటుంబాలున్నాయి, ఆ వీడియో ఆయన బహుశా అక్కడినుంచి అల్లుకున్నాడు. మణిపూర్, మిజోరం వైపు తమది మనష్షే గోత్రమని చెప్పుకునే బ్నె మెనాషె వాళ్లున్నారు. 2005లో ఇశ్రాయేలు దేశంలో సెఫార్దీ అనే యూదు శాఖకి ప్రధాన రబ్బీ, అంటే పెద్ద మతగురువు, ఈ బ్నె మెనాషె వాళ్లను తప్పిపోయిన గోత్రపు సంతతిగా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నా, వాళ్లు పద్ధతి ప్రకారం యూదుమతంలోకి ప్రవేశం తీసుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి మీ మేనల్లుడికి చెప్పండి.


ఉద్దానం జీడితోట:

నాలుగు రోజులు జవాబు రాయలేదు, మన్నించండి. వానలు పడ్డాయి, అంట్లు కట్టే రోజులు. మధ్యలో ఇదంతా మా అమ్మకి చదివి వినిపించాను. ఆమెకి ఎనభై దాటాయి.

రోమా 11లో పౌలు యూదులు కాని మనల్ని ఒలీవచెట్టుకి అంటుకట్టిన అడవి కొమ్మతో పోల్చాడు. అంట్లు నా చేతిపని కాబట్టి దాని గురించి నేనే చెబుతాను. జీడిలో మేం చేసేది ఇది. గింజ నాటి మొలిపించిన నాటు మొక్క సంచిలో ఉంటుంది. అది నెలన్నర, రెండు నెలలకి వచ్చాక తల కోసి, కాండాన్ని నడిమికి చీలుస్తాం. బాగా కాసే తల్లిచెట్టు నుంచి కొమ్మ తెచ్చి, దాని మొదలు రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దింపుతాం. ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టి, పైన పాలిథిన్ తొడుగు వేస్తాం. మూడు నాలుగు వారాలకి చిగురేస్తే బతికినట్టు. కింద వేరు నాటుది, పైన కొమ్మ మేలురకం. కాపు మాత్రం కొమ్మదే. బీపీపీ-8 అనే మేలురకం జీడి కొమ్మ పెడితే బీపీపీ-8 పిక్కే కాస్తుంది, కింద ఏ వేరున్నా సరే.

పౌలు దీన్ని తిరగేశాడు. అడవి కొమ్మ తెచ్చి మంచి చెట్టుకి కట్టాడు. మా నర్సరీలో ఏ కుర్రాడైనా ఈ పని చేస్తే ఆ రోజు కూలి ఇవ్వను. చాలాకాలం నేను, పాపం పౌలు పట్నం మనిషి, డేరాలు కుట్టుకునేవాడు, తోటపని ఏం తెలుస్తుంది అనుకున్నాను. తర్వాత ఎప్పుడో 24వ వచనంలో "స్వభావవిరుద్ధముగా" అన్న మాట కంటపడింది. తెలిసే రాశాడన్నమాట. ఏ రైతూ చేయని పని దేవుడు చేశాడంటున్నాడు. లాభం చూసుకునేవాడైతే మన కొమ్మ ముట్టుకోడు.

పాలకొండ బ్రదర్, మీరు రాసింది మొదట చదివినప్పుడు కోపం వచ్చింది. అంట్లు కడుతుంటే కోపం పోయింది. కోసిన కొమ్మ ఎంత మేలురకమైనా దానికి సొంత బలం లేదు, తడిగుడ్డలో చుట్టి ఉంచినా నాలుగు రోజులకి వాడిపోతుంది. వేరు మోయాలి. 18వ వచనం అదే, నువ్వు వేరును భరించడం లేదు, వేరే నిన్ను భరిస్తోంది. ఆ వేరు వాళ్లదే, ఒప్పుకుంటాను. మావాడు కొమ్మగా ఉండలేక నేనే వేరుని అని రిపోర్టు తెప్పించుకోబోయాడు. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. 23వ వచనంలో విరిచేసిన కొమ్మల్ని దేవుడు మళ్లీ అంటుకట్టగలడని ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా తల్లిచెట్లు పడిపోయాయి. తెల్లారి చూస్తే మా నాన్న పెంచిన చెట్టు కొమ్మలు దారంతా పరుచుకుని ఉన్నాయి. బుద్ధి ఒప్పక కొన్ని కొమ్మలు ఏరి తెచ్చి మొక్కలకి కట్టాను. ఒక్కటీ బతకలేదు. విరిగినదాన్ని మళ్లీ కట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. యూదుల సంగతి మనం తేల్చేది కాదు.

టైలర్ చెల్లెమ్మా, అంటు కట్టిన చోట ముడి ఉంటుంది. చెట్టుకి ముప్ఫై ఏళ్లొచ్చినా తెలిసినవాడు వేలు పెట్టి చూపిస్తాడు, ఇదిగో ఇక్కడే కట్టారని. మీ పెద్దావిడ చేస్తున్నది అదే. దానివల్ల కాపేమీ తగ్గదు, కానీ మాటిమాటికీ చూపిస్తుంటే చికాకే.

ఇక మా అమ్మ. ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. మా తాత, అంటే ఆమె మామగారు, మిషన్ వాళ్ల కాలంలో బాప్తిస్మం తీసుకున్నాడు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు టెక్కలి, సోంపేట వైపు తిరిగే రోజులు. మాది ఊరి బావి దగ్గరికి వెళ్లకూడని ఇల్లు. ఇంతకన్నా వివరం అక్కర్లేదు, ఈ జిల్లావాళ్లకి అర్థమవుతుంది. ఆమె అన్నది ఆమె మాటల్లోనే రాస్తాను. "ఆ రోజుల్లో మీ తాతని అంటుకోవద్దనేవోరు. పొరపాటున తగిలితే నీళ్లు జల్లుకునేవోరు. అయ్యగారు పుస్తకం తీసి నిన్ను అంటుకట్టాడురా దేవుడు అని సదివితే, ఆ ఒక్క ముక్కకే ముసిలోడు ఏడిసేడు. ఇప్పుడు మీరేటి, ఉమ్మి పంపించి ఎవలిమో తెలుసుకుంటన్నారా?"

అంటు అన్న మాట రోజుకి నూరుసార్లు నా నోట్లో ఉంటుంది. అంటుకోవద్దు అన్నదీ, అంటుకట్టడమూ ఒకే మాటని ఈ వయసు దాకా నాకు తట్టలేదు.


బొబ్బిలి మాస్టారు:

అమ్మగారికి నా నమస్కారం చెప్పు తమ్ముడూ. చిన్న సవరణ ఒకటి. అడవి కొమ్మని మంచి ఒలీవకి కట్టడం అసలు లేనిది కాదు. పౌలు కాలంలోనే బతికిన కొలుమెల్లా అనే రోమన్ వ్యవసాయ రచయిత, కాపు తగ్గిన ఒలీవచెట్టుకి తొర్ర వేసి అడవి ఒలీవ కొమ్మ దింపితే చెట్టు కోలుకుంటుందని రాశాడు. అయినా పౌలు తానే స్వభావవిరుద్ధం అన్నాడు కాబట్టి నీ మాటే నాకు నచ్చింది.

మీవాడికి లూకా 16 కూడా చదివి వినిపించు. పాతాళంలో యాతన పడుతున్న ధనవంతుడు "తండ్రివైన అబ్రాహామా" అని పిలుస్తాడు. ఆయన కాదనలేదు, "కుమారుడా" అనే పిలిచాడు. చుట్టరికం అక్కడా చెల్లింది, నీటిచుక్క మాత్రం దొరకలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను ముందే చెప్పాడు కదా, ఈ రాళ్లలోనుంచి కూడా దేవుడు అబ్రాహాముకి పిల్లల్ని పుట్టించగలడని. హెబ్రీలో కొడుకులు బనీం, రాళ్లు అబనీం. టెక్కలి క్వారీల మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు ఆ వచనం గుర్తొస్తుంది.


ఉద్దానం జీడితోట:

నిన్న రాత్రి ఫోన్ చేసి గంటసేపు చదివాను. ఆది 17 దగ్గర వాడు "ఆగు మావా" అని బైబిలు తీసి తనే లెక్క చూసుకున్నాడు. బ్నె మెనాషె సంగతి వినలేదట, అది కాస్త దెబ్బ కొట్టింది. యోసేపు దగ్గర చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే దావీదు వంశం కూడా పేరు పెట్టడంతోనే వచ్చిందా?" అన్నాడు. టైలర్ చెల్లెమ్మ చెప్పింది, నేను కాదు అన్నాను. మత్తయి 1 మీద వాడికి ఇంకా అనుమానాలున్నాయి, లూకా 3లో తాత పేరు వేరేగా ఉందేమిటని మొదలెట్టాడు. అది ఇంకోరోజు అడుగుతాను మాస్టారూ, ఎజ్రా సంగతి కూడా ఉంది.

శనివారం రైలుకి వస్తున్నారు. పేరు మాత్రం తేలలేదు. మా అప్ప రూతు అంటోంది. మా అమ్మ, మా తాత పెళ్లాం పేరు పెట్టమంటోంది. ఆవిడ నూకాలు, బాప్తిస్మం తర్వాత కూడా ఆ పేరు మార్చుకోలేదట. మావాడి భార్య ఈ రెండూ వినగానే ఫోన్ పక్కన పెట్టేసింది. షేడ్‌నెట్ కింద ఇంకా నాలుగు వందల మొక్కలకి కట్టాలి, మళ్లీ మబ్బు పట్టింది, వెళ్తున్నాను.